హెలికాప్టర్ శిక్షణకు అంత ఖర్చెందుకు?

ప్రశ్న: విమానం నడపడం కంటే హెలికాప్టర్ నడపడం నేర్చుకోవడానికే గంటకు చాలా ఎక్కువ ఖర్చవుతుందని మా అబ్బాయి అంటున్నాడు. అంత చిన్న యంత్రానికి ఆ ఖరీదు ఎందుకండీ?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మీ అబ్బాయి చెప్పింది నిజమేనమ్మా. ఇందులో ప్రధాన భారం విడిభాగాల ఆయుష్షుదే. అమెరికా శిక్షణ సంస్థల్లో విరివిగా వాడే రెండు సీట్ల రాబిన్సన్ ఆర్22 హెలికాప్టర్‌ను 2,200 గంటలు ఎగిరినా, 12 ఏళ్లు నిండినా, ఏది ముందు వస్తే అప్పుడు, పూర్తిగా విప్పి ఇంజన్‌ను సరిచేసి, రోటర్ రెక్కలతో పాటు అనేక భాగాలను మార్చాలి. రెక్క కంటికి కొత్తదానిలా కనిపించినా గడువు తీరితే తీసివేయవలసిందే. ప్రతి భ్రమణంలోనూ మారే ఒత్తిడికి లోహం లోలోపలే బలహీనపడుతుంది, గాలిలో అది విరిగితే మరో ఆధారం ఉండదు. ప్రాణాలను కాపాడే ఈ నియమంలో బేరానికి తావు ఉండకూడదు. ఆ ఖర్చునంతా ఎగిరే గంటలకు పంచి విద్యార్థుల నుంచే వసూలు చేస్తారు.

నేలకు దగ్గరగా గాలిలో నిలకడగా ఉంచడం, ఇంజన్ శక్తి లేకుండా దిగడం వంటివి పదేపదే సాధన చేయవలసి ఉండటంతో బీమా కూడా భారమవుతుంది. పైగా ఆర్22ను ఒంటరిగా నడపాలంటే అమెరికాలో కనీసం 20 గంటలు శిక్షకునితో ఎగిరి ఉండాలి.

మన దేశంలో కమర్షియల్ లైసెన్సుకు విమానానికి 200 గంటలు, హెలికాప్టర్‌కు 150 గంటలు చాలు. అయితే ఇక్కడి ఉద్యోగాల్లో ఎక్కువగా టర్బైన్ హెలికాప్టర్లే (ఆర్22లోని పిస్టన్ ఇంజన్‌కు బదులు జెట్ తరహా ఇంజన్ ఉండేవి) నడపాలి కాబట్టి, వాటి శిక్షణ ఖర్చును కూడా ముందే లెక్కలో వేసుకోండి. ఫీజు కట్టడానికి ముందే వైద్య పరీక్షలు చేయించడం మరచిపోకండి.