కీమో తీసుకునేవాళ్లకి క్రోషేతో టోపీ అల్లాలంటే ఏ దారం తీసుకోవాలి, ఎలా అల్లాలి?

మీ పిన్నిగారికి వచ్చే వారం కీమో మొదలవుతుందనీ, క్రోషే వచ్చు కాబట్టి మీరే టోపీ అల్లి ఇద్దామనుకుంటున్నారనీ, దారం సంగతి తెలియడం లేదనీ రాశారు. మాది నర్సాపురం పక్కన పల్లెటూరు. రొమ్ము క్యాన్సర్‌కి మా వదిన హైదరాబాద్‌లో కీమో తీసుకున్నన్నాళ్లూ తన టోపీలన్నీ నేనే అల్లాను. తర్వాత అక్కడ పరిచయమైనవాళ్లకీ అల్లి ఇస్తున్నాను. ఆ అనుభవంతోనే చెబుతున్నాను.

అన్ని కీమో మందులకీ జుట్టు ఊడదండీ, ముందు డాక్టరుగారిని అడగండి. డాక్సోరూబిసిన్, పాక్లిటాక్సెల్ లాంటివైతే మాత్రం చాలావరకు ఊడుతుంది, అదీ మామూలుగా మొదటి కీమో అయిన రెండు మూడు వారాలకి. అంటే మీకు కాస్త టైముంది. ఊడే రోజుల్లో చాలామందికి నెత్తి సలుపుతుంది, దువ్వెన ఆనినా ఓర్చుకోలేరు. మా వదినైతే దిండు మీద తల పెట్టడానికే భయపడేది. మీరు అల్లే టోపీ ఆనేది అలాంటి చర్మానికి. ఇది గుర్తు పెట్టుకుంటే మిగతావన్నీ మీకే తోస్తాయి.

దారం దగ్గర తొందరపడకండి. షాపులో ఊలు అని అడిగితే మన దగ్గర ఇచ్చేది చాలావరకు యాక్రిలిక్. చెమట పీల్చదు, మన ఎండలకి తలంతా ఉడికిపోతుంది. అసలు గొర్రె ఊలైతే గుచ్చుకుంటుంది. నేను మెత్తటి 4 ప్లై కాటన్ వాడతాను, దొరికితే కాటన్, బాంబూ కలిసిన దారం. ఉండని చేత్తో కాదు, మెడ పక్కన కాసేపు రుద్ది చూడండి. అక్కడ ఏమాత్రం గరుగ్గా అనిపించినా వద్దు. మెరుపు దారాలు, బొచ్చు దారాలు ఎంత ముద్దొచ్చినా పక్కన పెట్టేయండి. బొచ్చు రాలి కళ్లలో పడుతుంది, కనురెప్పల వెంట్రుకలు కూడా ఊడినవాళ్లకి అదో బాధ.

ఇంట్లో లేసు దారం ఉంటే దాంతో అల్లేద్దామనిపిస్తుంది. మా ఊళ్లవైపు ఆడవాళ్లకి పుట్టినప్పటినుంచీ చేతిలో ఉండేది అదే. 1844లో స్కాట్లాండ్ నుంచి వచ్చిన మెక్‌రే దంపతులు నేర్పిన పని అది, 2024లో నర్సాపురం లేసుకి జీఐ (భౌగోళిక) గుర్తింపు కూడా వచ్చింది. ఆ పనంటే నాకు ప్రాణం. కానీ టోపీ మొత్తం లేసుతో అల్లితే కన్నాల్లోంచి బోడితల కనిపిస్తుంది, బిగువైన సన్నదారం చర్మానికి ఒత్తుకుంటుంది కూడా. అందుకని టోపీ ఒళ్లంతా దగ్గర కుట్లతో అల్లి, లేసు డిజైను అంచుకి మాత్రమే పెట్టండి. అందం ఎక్కడికీ పోదు.

ఇక కొలత. టేపుతో నుదురు మీదుగా, చెవుల పైనుంచి తల చుట్టూ కొలవండి. మన ఆడవాళ్లకి సుమారు 54 నుంచి 57 సెం.మీ. ఉంటుంది. జుట్టు పోయాక తల ఇంకొంచెం తగ్గుతుంది కాబట్టి, వచ్చిన కొలతకి 3 సెం.మీ. తక్కువగా అల్లండి. 55 వస్తే టోపీ చుట్టుకొలత 52. దాన్ని 3.14తో భాగిస్తే సుమారు 16.5 సెం.మీ. నడినెత్తి మీద చదునుగా అల్లే గుండ్రటి భాగం అంత వెడల్పు వచ్చేదాకా కుట్లు పెంచుకుంటూ వెళ్లి, తర్వాత పెంచకుండా కిందికి దిగాలి. నేను 3.5 మి.మీ. సూదితో, రింగులో 10 హాఫ్ డబుల్ క్రోషేలతో మొదలుపెట్టి వరుసకి 10 చొప్పున పెంచుతాను. మీ చేయి బిగువైతే అంచు గిన్నెలా ముడుచుకుంటుంది, అప్పుడు ఒకటి రెండు కుట్లు ఎక్కువ వేయండి. అలలు పడితే తగ్గించండి.

వరుస వరుసకీ ముడేసి కలపకండి. ఆ కలిపిన చోట్లన్నీ నిలువుగా ఒక గట్టులా లేస్తాయి, పడుకుంటే అదే గుచ్చుకుంటుంది. చుట్టలా ఆపకుండా అల్లుకుంటూ పోండి, వరుస మొదలు తెలియడానికి వేరే రంగు దారం ముక్క పెట్టుకోండి. దారం అతికినచోట ముడి వద్దు, కొసలు కుట్ల లోపలికి దూర్చేయండి. అయ్యాక టోపీని తిరగేసి, లోపలివైపు కళ్లు మూసుకుని వేళ్లతో తడిమి చూడండి. వేలికి ఏదైనా తగిలిందంటే ఆవిడ తలకి ఇంకా ఎక్కువ తగులుతుంది.

మామూలు టోపీల్లో చెవుల ముందు, మెడమీద జుట్టు కనిపిస్తుంటుంది. ఇక్కడ ఆ జుట్టే ఉండదు కదా. అందుకని వెనక భాగం మాత్రమే ముందుకీ వెనక్కీ రెండు మూడు వరుసలు అదనంగా అల్లి, మెడ వెంట్రుకలుండే చోటు దాకా దించండి. ముందువైపు అలా దించకండి. బొట్టు పెట్టుకునేవారైతే కనుబొమల పైన బొట్టుకి చోటుండాలి. మా వదిన మొట్టమొదట అడిగింది అదే. కనుబొమలు కూడా పలచబడ్డాక ఆ బొట్టుతోనే తన ముఖం తనకి తనదిలా అనిపించిందట.

గుండుతో కనిపిస్తే మనవాళ్లు "తిరుపతి వెళ్లొచ్చారా?" అని ఆప్యాయంగానే అడుగుతారు. లిఫ్టులో, మెట్ల మీద, కూరల బండి దగ్గర, ప్రతిసారీ జవాబు చెప్పుకోవడం మా వదినకి కష్టంగా ఉండేది. అందుకే చూడ్డానికి బాగుండడం కూడా ముఖ్యమే, మొహమాటపడకండి. రంగు మీ పిన్నిగారినే అడగండి, ఎక్కువగా కట్టే చీరలకి నప్పేలా తీసుకోండి. వదినకి మల్లెపూలు లేనిదే గడప దాటే అలవాటు లేదు. సన్నటి తెల్లదారంతో మల్లెమొగ్గలు అల్లి, వెనక జడ మొదలయ్యే చోట వంపుగా కుట్టాను. వాసన ఉండదు కాబట్టి వికారం బాధ కూడా లేదు. పక్కకి తిరిగి పడుకునేవాళ్లకి చెవి దగ్గర పువ్వు, బొత్తాం వద్దు.

ఆస్పత్రికి వేసుకెళ్లే టోపీకి మాత్రం చెవుల పైన బయటివైపు చెరో చిన్న బొత్తాం కుట్టండి. మాస్కు ఎలాస్టిక్ దానికి తగిలిస్తే చెవి వెనక ఒరుసుకోదు. కీమో ఎక్కించే గదుల్లో ఏసీ చల్లగా ఉంటుంది, అక్కడికి కాస్త మందంగా అల్లింది ఉండాలి. రాత్రికి పలచటిది, ఏ అలంకారం లేనిది ఒకటి వేరే అల్లండి. ఒకటి ఉతుకులో ఉంటే ఇంకోటి తలమీద ఉండాలి కదా.

ఇచ్చే ముందు వాసన లేని సబ్బుతో ఉతికి, ఎండలో బాగా ఆరనిచ్చి, కొత్త కవర్లో పెట్టండి. కంఫర్ట్ లాంటివి వేయకండి, కీమో రోజుల్లో ఆ వాసనకే కడుపులో తిప్పుతుంది. తలకి రేడియేషన్ కూడా ఇస్తున్నా, నెత్తిమీద పొక్కులో దద్దుర్లో ఉన్నా ఏ టోపీ అయినా డాక్టరుగారిని అడిగాకే.

ఇంట్లో ఉన్నప్పుడు టోపీ తీసేసి తిరగాలనిపిస్తే తిరగనివ్వండి. ఇంత కష్టపడి అల్లాను, పెట్టుకో పిన్నీ అని మాత్రం అనకండి. కీమో అయిపోయిన కొన్ని వారాలకి నూగుగా జుట్టు మొలవడం మొదలవుతుంది, కొందరికి కొత్తలో ఉంగరాలు తిరిగి కూడా వస్తుంది. అప్పుడు చర్మం దురద పెడుతుంది కాబట్టి ఆ పలచటి కాటన్ టోపీనే ఇంకొన్నాళ్లు ఉంచండి.