అమ్మానాన్నలు ఉన్నప్పుడే వాళ్లతో నిండుగా గడపడం ఎలా?

అమ్మానాన్నలకి వయసు మీద పడుతోంది, నాకేమో ఉద్యోగం, పిల్లలు, పరుగులు. రేపు బాధపడకుండా ఉండాలంటే ఇప్పుడేం చేయాలి, అన్నీ వదిలేసి వాళ్ల దగ్గరికి వెళ్లిపోవాలా అని అడిగారు.

ఈ ప్రశ్నకి చాలామంది చెప్పే జవాబు ఒకటుంది: ప్రతి రోజూ ఇదే ఆఖరి రోజు అనుకుని బతకమని. నాకది ఎప్పుడూ అచ్చిరాలేదు. నిజంగా ఆఖరి రోజే అనుకుంటే కరెంటు బిల్లు ఎవరు కడతారు, పిల్లల చేత హోంవర్క్ ఎవరు చేయిస్తారు? పైగా అంత బరువైన మొహం వేసుకుని రోజూ ఎదురుగా కూర్చుంటే, ఏమైందోనని వాళ్లే కంగారు పడతారు.

నేను చెప్పేది వేరు. "సమయం ఉండగానే" అన్నప్పుడు మన మనసులో ఉండే గడువు చావొక్కటే. కానీ అంతకు ముందే చాలా గడువులు ముగిసిపోతాయి, ఒక్కోటి ఒక్కోసారి. చెవులు మందగిస్తాయి, అప్పటినుంచి ఫోన్లో కబుర్లు క్షేమసమాచారానికే పరిమితమవుతాయి. మోకాళ్లు మొరాయిస్తాయి. మతిమరుపు వస్తే పాత సంగతులు కొంతకాలం నిలుస్తాయి, నిన్నటివి ముందు జారిపోతాయి. మనిషి ఇంట్లోనే ఉంటారు. ఆ మనిషితో చేయగలిగిన పనుల్లో కొన్ని మాత్రం చెప్పా పెట్టకుండా వెళ్లిపోతాయి.

మా నాన్నకి పార్కిన్సన్స్. ఇప్పటికీ మాతోనే ఉన్నారు. 1817లో జేమ్స్ పార్కిన్సన్ అనే లండన్ వైద్యుడు ఈ జబ్బు గురించి రాసినప్పుడు వణుకునే పేరులో పెట్టాడు, అందుకే ఇప్పటికీ అందరికీ వణుకే గుర్తుంటుంది. మా ఇంట్లో మొదట తెలిసింది చేతిరాతలో. మెదడులో డోపమైన్ అనే, కదలికలకి అవసరమైన రసాయనాన్ని తయారుచేసే కణాలు తగ్గేకొద్దీ కదలికలు నెమ్మదిస్తాయి, చిన్నవవుతాయి. రాయడమూ ఒక కదలికే కదా. జీవితమంతా లెక్కల పుస్తకాలు రాసిన మనిషి, వాక్యం మొదట్లో మామూలుగా ఉన్న అక్షరం చివరికొచ్చేసరికి చీమ తలంత అయ్యేది. ఆ తర్వాత గొంతు. తను మామూలుగానే మాట్లాడుతున్నానని ఆయన అనుకుంటారు, పక్కనున్న మనకి వినపడదు. తర్వాత మొహం. అక్కడి కండరాల కదలిక తగ్గిపోయి నవ్వు పైకి రాదు. చూడ్డానికి వచ్చిన బంధువులు "మా మీద కోపమా?" అని అమ్మని చాటుగా అడిగేవాళ్లు. లోపల నవ్వుతూనే ఉంటారండీ. ఈ జబ్బున్న ఇంటికి వెళ్లేవాళ్లు ఎవరైనా ఈ ఒక్క సంగతీ తెలుసుకుని వెళ్తే ఎంతో మేలు.

ఇవన్నీ రావచ్చని డాక్టరు ముందే చెప్పారు. అందుకని అక్కా నేనూ కూర్చుని, ఏది ముందు పోయేలా ఉందో దానితోనే మొదలుపెట్టాలని అనుకున్నాం. ప్రయాణాలు ఆగగలవు. గొంతు ఆగదు. నాన్ననే అడిగాం, మీ మాటలు రికార్డు చేసుకోవచ్చా అని. (అడక్కుండా చాటుగా చేయకండి. తెలిసిన రోజున ఇక మీ ముందు నోరు విప్పరు.) ఆయన ఒప్పుకున్నారు, కానీ ఫోన్ ముందు పెట్టి "మీ జీవితం గురించి చెప్పండి" అంటే "ఏముంది చెప్పడానికి" అని ఊరుకున్నారు. పెద్ద ప్రశ్నలకి ఎవరి దగ్గరా జవాబు ఉండదు. చిన్నవి అడగాలి. మొదటి జీతం చేతికొచ్చిన రోజు ఎక్కడికి వెళ్లారు? మీ నాన్న దేనికి భయపడేవారు? నేను పుట్టానని మీకు ఎవరు చెప్పారు? పాత ఫోటో ఒకటి చేతిలో పెట్టి, ఇందులో ఈ మూలనున్నది ఎవరు అంటే చాలు, అక్కణ్ణుంచి మాట దానంతటదే నడుస్తుంది.

వేళ కూడా ముఖ్యమే. డోపమైన్ లోటు తీర్చడానికి నాన్న వాడే లీవోడోపా మాత్ర పనిచేసినంతసేపు ఒంట్లో చురుకు ఉంటుంది, దాని బలం తగ్గగానే శరీరం బిగుసుకుపోతుంది. మాత్ర పనిచేస్తున్నప్పుడే కూర్చునేవాళ్లం, మా వీలు చూసుకుని కాదు. మీ ఇంట్లో ఏ జబ్బూ లేకపోయినా పెద్దవాళ్లకి రోజులో ఒక మంచి వేళ ఉంటుంది. మనం ఆఫీసు నుంచి అలిసిపోయి ఫోన్ చేసే రాత్రివేళ బహుశా అది కాదు.

ఆ రికార్డింగుల్లో అన్నిటికన్నా బాగున్నవి ఏవో చెప్పనా? మధ్యలో అమ్మ దూరి "అబద్ధం, ఆ మాట అన్నది నేను" అని నాన్నని దిద్దే చోట్లు. ఇద్దరూ పోట్లాడుకుంటారు, ఇద్దరి గొంతులూ ఖంగుమంటాయి. ఇప్పుడు నాన్న గొంతు గుసగుసకి దిగింది. అప్పుడప్పుడూ ఆయనే అవి పెట్టమని అడిగి వింటారు. ఫైళ్లకి మాత్రం తేదీ, విషయం పేరు పెట్టుకుని రెండు చోట్ల దాచండి. పేరు లేని రికార్డింగులు గుట్టగా పడుంటే ఎవరూ వెతకరు.

కృతజ్ఞత చెప్పడం గురించి ఒక్క మాట. ఇంట్లోవాళ్లకి థాంక్స్ చెప్పడమేంటి, ఎబ్బెట్టుగా ఉంటుంది అనుకుంటాం. 2018లో అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ అనే ఇద్దరు పరిశోధకులు దీన్నే పరీక్షించి చూశారు. కృతజ్ఞతతో ఉత్తరం రాసినవాళ్లు, అందుకునేవాళ్లకి అది ఇబ్బందిగా ఉంటుందని ఎక్కువగా ఊహించుకున్నారు, వాళ్లకి కలిగే సంతోషాన్ని తక్కువగా అంచనా వేశారు. నేను నాన్నకి రాసింది అర పేజీ కూడా ఉండదు, ఫలానా సంవత్సరం నా ఫీజు కోసం మీరేం చేశారో నాకు తెలుసు అని. ఆయన ఏమీ అనలేదు. మడతపెట్టి కళ్లజోడు పెట్టెలో పెట్టుకున్నారు.

వాళ్ల కోసం ఏదో ఘనంగా చేయాలని మనకి ఉంటుంది, దూరప్రయాణాలు, వేడుకలు. వాళ్లకి అది కావాలో లేదో కనుక్కోండి. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో లారా కార్‌స్టెన్‌సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దశాబ్దాలుగా చేసిన పరిశోధన చెప్పేదేమిటంటే, మిగిలిన కాలం కొంచెమే అనిపించేకొద్దీ మనుషులు కొత్త పరిచయాలూ కొత్త అనుభవాల కన్నా తమకి బాగా దగ్గరైనవాళ్లనే కోరుకుంటారు. మేము తలపెట్టిన పెద్ద ప్రయాణం నాన్న వద్దన్నారు. చిన్ననాటి స్నేహితుణ్ణి ఒకసారి కలిపించమన్నారు. అంతే.

ఇంకొకటి, అందరూ దాటేసేది. మాట్లాడలేని స్థితి వస్తే ఎలాంటి వైద్యం కావాలి, ఏది వద్దు అన్నది మాట్లాడగలిగినప్పుడే అడగాలి. అశుభం అని నోరు కట్టేసుకుంటాం. ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగుల మీద చేసిన ఒక అధ్యయనం 2010లో వచ్చింది: మామూలు చికిత్సతో పాటు మొదటినుంచే ఉపశమన వైద్య బృందాన్ని (నొప్పి, బాధ తగ్గించడం మీద దృష్టి పెట్టేవాళ్లు) కలిసినవాళ్లు ఆఖరి దశలో తీవ్ర చికిత్సలు తక్కువగా తీసుకున్నారు, హాయిగా ఉన్నారు, పైగా మిగతావాళ్ల కన్నా ఎక్కువ కాలమే బతికారు. మాట్లాడుకుంటే ఆయుష్షు తగ్గదు. మా ఇంట్లో ఆ సంభాషణ అనుకున్నంత కష్టంగా జరగలేదు. నాన్న ఎప్పుడో ఆలోచించి పెట్టుకున్నారు, ఎవరైనా అడిగితే చెబుదామని ఉన్నారు.

ఇంతలో అమ్మని మరిచిపోవద్దు. ఇంట్లో ఒకరికి జబ్బు చేస్తే అందరి కళ్లూ వాళ్ల మీదే ఉంటాయి, చాకిరీ చేసేవాళ్లు ఎవరికీ కనపడరు. ఆరోగ్యంగా ఉన్నారు కదా, వాళ్లతో తర్వాత గడపొచ్చులే అనుకుంటాం. నీకేం కావాలమ్మా అని అక్క అడిగితే, "నన్ను కాసేపు ఎవరూ పిలవకుండా ఉంటే చాలు" అంది. అప్పటినుంచి వారంలో ఒక మధ్యాహ్నం నాన్న దగ్గర మేము వంతులు వేసుకుంటాం. అమ్మ ఎక్కడికి వెళ్తుందో అడగం.

ఇక ఉద్యోగం సంగతి. ఎప్పుడూ మనిషి తోడు కావలసిన దశ వస్తే ఆ లెక్క వేరు, డబ్బూ సెలవులూ తోబుట్టువులూ అన్నీ చూసుకోవాలి. ఆ దశ ఇంకా రాకపోతే, నిర్ణయించుకునే ముందు వాళ్లనే అడగండి. నేను మానేస్తానంటే నాన్న చాలాసేపు కూడబలుక్కుని అన్నారు: "నువ్వూ ఇంట్లోనే కూర్చుంటే బయటి కబుర్లు నాకెవరు చెప్తారు?" మానలేదు. పనివేళలు కాస్త ముందుకి జరుపుకున్నాను, ఆయన సాయంత్రం మాత్ర వేళకి ఇంట్లో ఉండేలా.