రెండు ప్రాసెసర్ల మదర్‌బోర్డు: ఓవర్‌క్లాకింగుకు పనికివస్తుందా?

ప్రశ్న: నేను తిరుపతి తిలక్ రోడ్డుకు దగ్గరలో చిన్న స్టూడియో నడుపుతున్నాను. పగలు పెళ్ళి వీడియోలు ఎడిట్ చేస్తూ, రాత్రిళ్ళు బ్లెండర్‌లో ఆలయ గోపురాల త్రీడీ యానిమేషన్లు రెండర్ చేస్తుంటాను. ఇటీవల చెన్నై రిచీ స్ట్రీట్‌లో సర్వర్ల కోసం ఇంటెల్ తయారుచేసే జియాన్ ప్రాసెసర్లు రెండు పట్టే ఎక్స్99 మదర్‌బోర్డు ఒకటి చూశాను. రెండు ఈ5-2680 వి4 ప్రాసెసర్లు పెట్టి ఓవర్‌క్లాక్ చేసుకోవచ్చని, అంటే కంపెనీ నిర్ణయించిన వేగాన్ని మించి నడపవచ్చని, అంగడాయన చెప్పారు. కొనవచ్చునా? ఇటువంటి బోర్డును ఎంచుకునేటప్పుడు ఏమేమి చూడాలి?
— ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: మీరు బోర్డు గురించి అడిగారు గాని, దానికన్నా ముందు ప్రాసెసర్ పేరును చదవడం నేర్చుకోవాలి. ఈ5 తరువాత వచ్చే మొదటి అంకె, ఆ ప్రాసెసర్ ఎన్ని సాకెట్ల (ప్రాసెసర్ అమరే గూళ్ళ) బోర్డు మీద పనిచేయగలదో చెబుతుంది. 1తో మొదలైనది ఒంటరిగానే పనిచేస్తుంది; 2తో మొదలైనది జతగా పనిచేస్తుంది. చివర ఉండే వి3, వి4 దాని తరాన్ని తెలుపుతాయి. ఇక ప్రాసెసర్ వేగమంటే, బేస్ క్లాకు అనే మూల వేగాన్ని మల్టిప్లయర్ అనే గుణకంతో హెచ్చించగా వచ్చేది. ఈ5-1680 వి3 వంటి కొన్ని ఒంటి ప్రాసెసర్లకు ఇంటెల్ మల్టిప్లయర్‌ను తెరిచి ఉంచింది, కాబట్టి వాటిని ఓవర్‌క్లాక్ చేయవచ్చు. జతగా పనిచేసే 2680 వి4కి మల్టిప్లయర్ తాళం వేసి ఉంటుంది. మిగిలిన దారి బేస్ క్లాకు పెంచడమే గాని, ఈ తరం ప్రాసెసర్లలో ఆ క్లాకును 100 మెగాహెర్ట్జ్ నుంచి మూడు నాలుగు మెగాహెర్ట్జ్‌కు మించి జరిపితే ఇతర భాగాలు తడబడతాయి. అంటే మీకు దక్కే లాభం మూడు నాలుగు శాతం. దానికోసం రాత్రంతా సాగే రెండరింగును ప్రమాదంలో పెట్టుకోవడం నాకు సమ్మతం కాదు.

వి3 తరంలో ఒక వెసులుబాటు ఉన్న మాట నిజం. ఉదాహరణకు 18 కోర్ల (లోపల విడివిడిగా పనిచేసే భాగాల) ఈ5-2699 వి3 గరిష్ఠ టర్బో వేగం, అంటే పని పడినప్పుడు తనంతట తాను అందుకునే వేగం, 3.6 గిగాహెర్ట్జ్ అయినా, అన్ని కోర్లూ పనిలో ఉన్నప్పుడు 2.8 దగ్గరే ఆగుతుంది. బోర్డును మొదట మేల్కొలిపే బయోస్‌లోంచి మైక్రోకోడ్‌ను (ప్రాసెసర్ నడవడిని సవరించే చిన్న ప్రోగ్రామును) తీసివేసి ఆ కట్టడిని సడలించే పద్ధతి ఒకటి ప్రచారంలో ఉంది. అయితే 145 వాట్ల పరిమితి అలాగే ఉంటుంది కనుక భారీ పనిలో 3.6 నిలకడగా అందదు. పైగా మైక్రోకోడ్ ద్వారా వచ్చే భద్రతా సవరణలను కూడా వదులుకోవలసి వస్తుంది. మీరు చూసిన వి4కి ఈ పద్ధతి పనిచేయదు. అంగడాయన బహుశా ఈ రెండు తరాలనూ కలిపి చెప్పి ఉంటారు.

నిజంగా ఓవర్‌క్లాకింగును దృష్టిలో పెట్టుకొని తయారుచేసిన రెండు సాకెట్ల బోర్డులు చరిత్రలో చాలా తక్కువ. 1999లో వచ్చిన ఎబిట్ బిపి6 మీద చవకైన సెలెరాన్లను జతగా పెట్టి, 66 మెగాహెర్ట్జ్ బస్సును (ఆనాటి మూల క్లాకును) 100కు పెంచి, 366 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్లను 550 దాకా నడిపించేవారు. 2010లో వచ్చిన ఈవిజిఎ ఎస్ఆర్-2 మీద బేస్ క్లాకును 133 నుంచి 180కి పెంచగలిగితే, 2.66 గిగాహెర్ట్జ్ జియాన్ ఎక్స్5650 జంట 3.6 గిగాహెర్ట్జ్‌తో నడుస్తుంది. నా దృష్టిలో ఈ తరహా బోర్డులలో మేటి అదే. ఇప్పుడు దొరికితే సెకండ్‌హ్యాండులోనే దొరుకుతుంది, సాధారణ క్యాబినెట్‌లో పట్టదు కూడా.

ఎక్కువ కోర్లు కావాలన్న ఉద్దేశంతో, ఓవర్‌క్లాకింగు ఆలోచన మానుకొని ఆ ఎక్స్99 బోర్డే కొనాలనుకుంటే, అన్నిటికన్నా ముఖ్యంగా విఆర్‌ఎం చూడండి. ప్రాసెసర్ సాకెట్ పక్కన, 12 వోల్టుల కరెంటును సుమారు 1.8 వోల్టులకు దించి అందించే భాగం అది. 145 వాట్ల ప్రాసెసర్‌కు అక్కడినుంచి సుమారు 80 ఆంపియర్లు ప్రవహిస్తాయి. రెండు సాకెట్లున్నాయి కనుక ఆ వేడి బోర్డు మీద రెండు చోట్ల పుడుతుంది. దాని మీద మందమైన హీట్‌సింకు, ఆ హీట్‌సింకుకు నేరుగా గాలి తప్పనిసరి. ఒక పాత జంట బోర్డును నేను ఇంట్లో రాత్రంతా రెండరింగుకు వదిలినప్పుడు, ప్రాసెసర్లు చల్లగానే ఉన్నా విఆర్‌ఎం మీద వేలు ఆనించలేకపోయాను. ఆ తరువాత అక్కడ విడిగా ఒక ఫ్యాను అమర్చుకున్నాను.

మన ఊరి ఎండను కూడా లెక్కలోకి తీసుకోవాలి. మే నెలలో బయట 40 డిగ్రీలు దాటినప్పుడు, ఏసీ లేని గదిలో 36 డిగ్రీలున్నా ఏ కూలరూ ప్రాసెసర్‌ను అంతకన్నా చల్లబరచలేదు. గది వేడి ఒక డిగ్రీ పెరిగితే ప్రాసెసర్ వేడి కూడా దాదాపు ఒక డిగ్రీ పెరుగుతుంది. ఓవర్‌క్లాక్ చేసినప్పుడు విద్యుత్తు వాడకం వేగంతో పాటు, వోల్టేజీ వర్గంతో (వోల్టేజీని దానితోనే హెచ్చించగా వచ్చేదానితో) కూడా పెరుగుతుంది: వేగం 20 శాతం, వోల్టేజీ 10 శాతం పెంచితే వాడకం సుమారు 45 శాతం పెరుగుతుంది. ప్రాసెసర్లు రెండయితే ఆ భారం రెట్టింపు. మొత్తం కంప్యూటర్ 500 వాట్లు తీసుకుంటూ రోజుకు పది గంటలు నడిస్తే, నెలకు 150 యూనిట్లు అవుతాయి.

ఎక్స్99 అని రాసి ఉన్నంత మాత్రాన అసలైన ఎక్స్99 చిప్‌సెట్ (బోర్డులోని భాగాలను ప్రాసెసర్‌తో కలిపే చిప్పు) ఉన్నట్టు కాదు. చవక బోర్డులలో వేరే పాత చిప్‌సెట్ ఉండవచ్చు. ఒక్కో ప్రాసెసర్‌కు వేరుగా ర్యామ్ పెట్టాలి కనుక, రెండు వైపులా నాలుగేసి ఛానెళ్ళు (ర్యామ్‌కు వెళ్ళే దారులు) ఉన్నాయో లేదో అడగండి. పవర్ సప్లైకి 8 పిన్నుల ప్రాసెసర్ కనెక్టర్లు రెండుండాలి. విండోస్ హోమ్ రెండో ప్రాసెసర్‌ను గుర్తించదు, ప్రో వేసుకోవాలి.

మీ పనికి నేను సిఫారసు చేసేది మాత్రం ఒంటి ప్రాసెసర్‌నే. ఎడిటింగులో టైమ్‌లైన్ మీద మీకు కావలసింది ఒక్కొక్క కోరు చురుకుదనం. 2022లో వచ్చిన 16 కోర్ల రైజెన్ 9 7950ఎక్స్ ఆ విషయంలోనే కాక, రెండరింగులో కూడా ఆ 28 కోర్ల జియాన్ జంటను మించిపోతుంది. దాని మల్టిప్లయర్‌కు తాళం లేదు, కాబట్టి మీ ఓవర్‌క్లాకింగు కోరికా తీరుతుంది. మన వేసవికి ఆ ప్రాసెసర్ వోల్టేజీని కొంత తగ్గించి నడపడమే మేలని నా అభిప్రాయం.

ప్రశ్న: నా దగ్గర రెండు సాకెట్ల బోర్డు, ఒక ఈ5-2680 వి4 ఉన్నాయి. రెండో సాకెట్‌లో 2690 వి4 పెట్టవచ్చా?
— ఒక పాఠకురాలు, గ్రీమ్స్‌పేట, చిత్తూరు

జవాబు: పెట్టవద్దు. రెండూ ఒకే మోడల్, ఒకే స్టెప్పింగ్ (తయారీలో సవరించిన కూర్పు) అయి ఉండాలి. స్టెప్పింగ్‌ను తెలిపే ఎస్-స్పెక్ గుర్తు ప్రాసెసర్ లోహపు మూత మీద ఎస్ఆర్ అన్న అక్షరాలతో మొదలవుతుంది. మీ దగ్గరున్న దాని ఫోటో తీసుకొని వెళ్ళి, అదే గుర్తున్న 2680 వి4 కొనండి.