ఊరి పేరు వెతికేటప్పుడు పీసీఆర్ఈ2 దగ్గర ప్రోగ్రామ్ పడిపోతోంది: లోపం లైబ్రరీలోనా, మన కోడ్‌లోనా?

రొయ్యల కొనుగోలు లెక్కల కోసం భీమవరంలో నడుపుతున్న సీ ప్రోగ్రామ్ రైతు ఊరు వెతికేటప్పుడు అప్పుడప్పుడు సెగ్మెంటేషన్ ఫాల్ట్ (తనది కాని మెమరీని ముట్టుకున్న లోపం) ఇస్తోందని, పీసీఆర్ఈ2ని, అంటే టెక్స్టులో ప్యాటర్న్ (రెగెక్స్) వెతికే లైబ్రరీని, మార్చేయాలా అని అడిగారు. తొందరపడి మార్చకండి. ముందు ప్రోగ్రామ్‌లో ఊరి పేరు ఉంచే 32 బైట్ల ఫీల్డు చూడండి.

అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరమైనా, గుణింతపు గుర్తయినా, పొల్లయినా ఒక్కోటి 3 బైట్లు. "రాజమహేంద్రవరం" 39 బైట్లు. 32 దగ్గర కోస్తే "రాజమహేంద్ర" వరకు 30 పోను, "వ"లో రెండు బైట్లే మిగులుతాయి. మామూలు మ్యాచ్ ఫంక్షన్ దీన్ని ముందే పట్టుకుని -3 ఎర్రర్ ఇస్తుంది. వేగం కోసమని నో యూటీఎఫ్ చెక్ ఆప్షన్ పెట్టినా, జిట్ (ప్యాటర్న్‌ని అప్పటికప్పుడు మెషిన్ కోడ్‌గా మార్చే పద్ధతి) మ్యాచ్‌ని నేరుగా పిలిచినా ఆ తనిఖీ ఉండదు. మూడో బైటు కోసం బఫర్ దాటి చదువుతుంది, ఆపైన ఏమవుతుందో ఎవరూ చెప్పలేరు: పడిపోవచ్చు, తప్పు జవాబు రావచ్చు, ఆగకుండా తిరగొచ్చు. ఏలూరు, తణుకు పెట్టి ఎంత పరీక్షించినా ఇది దొరకదు. కోసేచోట తర్వాతి బైటు విలువ 128–191 మధ్య ఉంటే, అలా లేని బైటు వచ్చేదాకా వెనక్కి జరిగి దాని ముందు కోయండి.

లైబ్రరీలో అసలు లోపాలే లేవని కాదు. భద్రతా లోపాల జాబితాలోని సీవీఈ-2022-1586, 1587 రెండూ జిట్ కంపైల్ చేసే భాగంలో హద్దు దాటి చదివినవే, పీసీఆర్ఈ2 10.40 వెర్షన్‌లో సరిచేశారు. పాత పీసీఆర్ఈ అయితే 2021లో 8.45 వెర్షన్‌తోనే ఆగిపోయింది. లైబ్రరీని స్టాటిక్‌గా లింక్ చేసి (ప్రోగ్రామ్‌లోనే కలిపేసి) ఉంటే సిస్టమ్ అప్‌డేట్ మీ ప్రోగ్రామ్‌కి అందదు, మళ్లీ బిల్డ్ చేయాల్సిందే.

ఇలాంటి లోపాలు ఎక్కువగా ప్యాటర్న్ నుంచే మొదలవుతాయి కాబట్టి, కౌంటర్ దగ్గర టైపు చేసినదాన్ని ప్యాటర్న్‌గా కంపైల్ చేయకండి. పేరు వెతకడానికి, టైపు చేసింది ఉన్నదున్నట్టే వెతికే లిటరల్ ఆప్షన్ చాలు. నిజంగానే రెగెక్స్ ఇవ్వాల్సి వస్తే ఆర్ఈ2 అనే మరో రెగెక్స్ లైబ్రరీ వాడండి. అందులో బ్యాక్‌రిఫరెన్సులు (ముందు దొరికిన భాగాన్నే మళ్లీ వెతకడం) ఉండవు, మీకు వాటితో పనీ లేదు.

మెమరీ హద్దు దాటడాన్ని పట్టే అడ్రస్ శానిటైజర్‌తో పరీక్షించేటప్పుడు జిట్ ఆపేయండి, జిట్ పుట్టించిన కోడ్ దానికి కనిపించదు. ఊరి పేరుని సరిగ్గా దాని పొడవుకే మాలాక్ చేసిన (విడిగా మెమరీ అడిగి తీసుకున్న) బఫర్‌లోకి కాపీ చేసి ఇవ్వండి. స్ట్రక్చర్‌లోనే ఉంచితే దాటి చదివింది పక్క ఫీల్డులో పడి, శానిటైజర్ నోరెత్తదు.