ఇన్‌లాండ్‌లో ఎంత పడుతుంది?

టీ నగర్, చెన్నై

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

కథ అందింది. భాష బాగుంది. ఇక తిట్లు.

నీ నెల్లూరు కవిగారు మద్రాసులోని ప్రాణమిత్రుడికి ఉత్తరం ఎలా మొదలుపెట్టాడు? "మనిద్దరం పచ్చయప్ప కాలేజీలో కలిసి చదువుకున్న సంగతి నీకు గుర్తుండే ఉంటుంది" అని! ఎందుకు గుర్తుండదమ్మా, చదివింది ఆయనే కదా? ఆ ముక్క మిత్రుడి కోసం కాదు, నా కోసం రాశావు. తర్వాత "నీ స్నేహం నా జీవితానికి వెలుగు" అంటూ అర పేజీ. ఒళ్లు మండింది.

1965 నాటి ఉత్తరం మీద మద్రాసు-600017 అని అడ్రసు రాయించావు. పిన్‌కోడ్ వచ్చింది 1972 ఆగస్టు 15న. అంతకుముందు మా టీ నగర్ మద్రాసు-17, అంతే. పైగా మూడు పేజీల ఉత్తరం ఇన్‌లాండ్‌లో, అంటే కవరు లేకుండా మడిచి అంటించే ఆ ఒక్క పోస్టు కాగితంలో, పట్టించావు! ఒకటి కొని మడిచి చూడు. మేం లోపలంతా నింపేసి, చోటు చాలక అంటించే రెక్క మీద కూడా రాసేవాళ్లం. చించేటప్పుడు జిగురుతో పాటు రెండు మాటలు ఊడిపోయేవి. మావాడు, అదే నా ప్రాణమిత్రుడు, అసలు సంగతి సరిగ్గా అక్కడే రాసేవాడు. "నీ కథలో రెండో పేజీ..." వరకే మిగిలేది. తీసెయ్యమన్నాడో, బాగుందన్నాడో తెలియక రాత్రంతా టెన్షన్.

వాడి ఉత్తరాల్లో స్నేహం అన్న మాటే నాకు గుర్తులేదు. "పదిహేను రూపాయలు అందాయి. మనియార్డరు కూపన్ మీద రెండు ముక్కలు రాస్తే నీ సొమ్మేం పోయింది? మీ అమ్మ దగ్గు ఎలా ఉంది? ప్రూఫులు నువ్వు చూడకు, నీకు వత్తులు కనపడవు." ఇదీ వరస. నేను అమ్మ దగ్గు గురించి రాసి, వత్తుల సంగతి ఎత్తేవాణ్ణి కాదు. ఉక్రోషం మరి.

వాడు పోయాక ఒక పత్రిక వాళ్లు సంస్మరణ సంచికకు ఆ ఉత్తరాలు అడిగి పట్టుకెళ్లారు. అచ్చులో చూస్తే అప్పుల్లేవు, దగ్గు లేదు, తిట్లు లేవు. "సాహిత్యేతర విషయాలు తొలగించాం" అని అడుగున ఒక ముక్క. మిగిలినవాడెవడో నాకు తెలియదు, సభలో అధ్యక్షోపన్యాసం చేసే పెద్దమనిషిలా ఉన్నాడు. ఆ సంపాదకుడితో మళ్లీ మాట్లాడలేదు. నీ కవిగారు అచ్చం ఆ అచ్చులో ఉన్నవాడే, అందుకే ఇంత కోపం.

కాబట్టి ఆ ఉత్తరాల్లోంచి ముందు సాహిత్యం తీసెయ్. వాళ్ల మధ్య ఒక బాకీ పెట్టు. ఒకడు అడిగినదానికి రెండోవాడు జవాబివ్వకుండా ఇంకేదో రాయాలి. కాలేజీ సంగతి మేమే ఊహించుకుంటాం. చలం తన సాటి రచయిత చింతా దీక్షితులు గారికి రాసిన ఉత్తరాలు పుస్తకంగా ఉన్నాయి, తెచ్చుకుని చదువు.

పోటీకి పంపాలా అన్నావు. ఆ న్యాయనిర్ణేతల్లో ఇద్దర్ని నేనెరుగుదును, ఇంకేం చెప్పను.

తిరగరాసి పెద్దక్షరాల్లో ప్రింటు తీసి పంపు. ఫోన్‌లో చదవడం నా వల్ల కాదు. మీ నాన్నగారి షుగర్ తగ్గిందా?

ఉంటాను.