కోడలికి ‘గెట్’ ఎలా చెప్పాలి?

ప్రశ్న: మాస్టారూ, మా కోడలు ఫ్రాన్స్‌లోని లియోన్ అమ్మాయి. మా అబ్బాయితో కలిసి రెండు నెలలు ఉందామని గుంటూరు వచ్చింది. నాకు ఫ్రెంచి రాదు, తనకు తెలుగు రాదు. మా మధ్య ఉన్నది ఇంగ్లీషే. ‘గెట్’ అనే మాట దగ్గర తను ఆగిపోతోంది. కరివేపాకు తెమ్మన్నా, మామగారికి కోపం వచ్చిందన్నా, అర్థమైందా అని అడిగినా నేను ‘గెట్’ అనే అంటున్నానట. తనేమో విజయవాడలో రైలు దిగుతానని చెప్పడానికి ‘గెట్ ఆఫ్’ అనకుండా ‘డిసెండ్’ అంటుంది. చుట్టాలు నవ్వుతుంటే నా మనసు చివుక్కుమంటోంది.
— ఒక గృహిణి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ముందు ఆ నవ్వేవాళ్లకు చెప్పండమ్మా, ఆ పిల్ల అన్నది తప్పు కాదు, కాస్త బరువైన మాట, అంతే. 1066లో ఫ్రాన్స్ ఉత్తర తీరం నుంచి వచ్చిన నార్మన్లు ఇంగ్లండును జయించాక తరాల తరబడి అక్కడి కొలువుల్లో, న్యాయస్థానాల్లో ఫ్రెంచే చెల్లింది. వాదనలు ఇంగ్లీషులో జరగాలని 1362లో చట్టం చేస్తే, ఆ చట్టాన్ని కూడా ఫ్రెంచిలోనే రాశారు! ‘ఒబ్టెయిన్’, ‘రిసీవ్’, ‘డిసెండ్’ వంటివి ఫ్రెంచి నుంచి వచ్చిన మాటలే. ‘గెట్’ వచ్చిన దారి వేరు; అది స్కాండినేవియా నుంచి వచ్చి స్థిరపడినవాళ్ల మాట. అందుకే మీ కోడలికి తన ఇంటి మాటలే ఇంగ్లీషులో పట్టుబట్టలు కట్టుకుని కనబడుతున్నాయి. ఆమె మామూలుగా మాట్లాడుతున్నాననుకుంటుంది. వినేవాళ్లకు ‘అన్నం తిన్నాను’ అనాల్సిన చోట ‘భోజనం స్వీకరించితిని’ అన్నట్టు ఉంటుంది.

‘గెట్’కు పాతిక అర్థాలు రాసిచ్చి బట్టీ పట్టించకండి. విజయవాడలో పాఠాలు చెప్పిన తొలి ఏళ్లలో నేను ఆ పనే చేశాను. పిల్లలకు ఒక్కటీ నిలవలేదు. దాని తర్వాత వచ్చే మాటను చూడమనండి. కరివేపాకు, ఉత్తరం, జలుబు లాంటి మాట వస్తే ‘గెట్’ అంటే అది చేతికో ఒంటికో చేరడం. విషయం అర్థమవడమూ అందులోదే: ఆమె భాషలో అర్థం చేసుకోవడాన్ని ‘కోంప్రాంద్ర్’ అంటారు, అందులోనే తీసుకోవడమనే ‘ప్రాంద్ర్’ ఉంది.

గుణం చెప్పే మాట వస్తే ‘గెట్’ అంటే మార్పు. ఫ్రెంచివాళ్లకు అసలు చిక్కు ఇక్కడే. ముసలితనం రావడానికి ‘వియెయీర్’, ఎర్రబడడానికి ‘రుజీర్’, కోపం తెచ్చుకోవడానికి ‘స ఫాషే’, ఇలా చాలా మార్పులకు విడివిడి క్రియలున్న భాష వాళ్లది. అన్నిటికీ ఒకే మాటంటే వాళ్లకు చేతిలో ఏమీ లేనట్టుంటుంది. అప్పుడు మన ‘పట్టు’ చూపించండి. నిద్ర పట్టింది, తుప్పు పట్టింది, గంట పట్టింది. మనం ఎక్కడైనా తడబడ్డామా? పక్కనున్న మాటే దారి చూపుతుంది.

ఇక ఎక్కడం, దిగడం. ఇంగ్లీషులో బస్సుకు ‘గెట్ ఆన్’, కారుకు ‘గెట్ ఇన్’. ఫ్రెంచిలో రెండింటికీ ‘మోంతే’ చాలు. రైలు దిగినా మెట్లు దిగినా ‘దెసాంద్ర్’. మన ఎక్కు, దిగు అచ్చం అంతే కదా! అంటే రైలు దగ్గర మీ కోడలు ఇంగ్లీషువాళ్లకన్నా మనకే దగ్గర. ఈసారి విజయవాడ వెళ్లేటప్పుడు ‘గెట్’ సంగతి పక్కన పెట్టి, ‘దిగుతాను’ అనే మాట నేర్పి పంపండి.