మేతకీ రొయ్య పేగుకీ రోగాలకీ సంబంధం ఏంటి?
చాలానే ఉందండి. రొయ్యకి మనలాగా యాంటీబాడీలు తయారవ్వవు, రక్తకణాలూ పేగు గోడా దానికి ముఖ్యమైన కాపలా, అందుకే పేగులో ఏ బ్యాక్టీరియా ఉందనేది అంత ముఖ్యం. బాసిల్లస్ లాంటి మంచివి ప్రోటీన్, పిండిపదార్థాలు అరిగించే ఎంజైములు వదుల్తాయి, పైగా విబ్రియోకి (రోగాలు తెచ్చే బ్యాక్టీరియా) చోటు దక్కనివ్వవు. మేత ఎక్కువేస్తే మిగిలింది అడుగున కుళ్లి విబ్రియో పెరిగిపోద్ది, హెపటోపాంక్రియాస్ (అదే, లివర్ అంటుంటాం) దెబ్బతిని తిన్నది సరిగా అరగదు.

చెక్ ట్రేలో (మేత ఎంత తిన్నాయో చూడ్డానికి చెరువులో పెట్టే పళ్లెం) రొయ్యని తీసి వెలుతురుకి పెట్టి చూడండి, వీపు మీద పేగు గీత నిండుగా ముదురు రంగులో ఉంటే ఓకే, తెగి తెగి తెల్లగా కనిపిస్తే ముందు మేత తగ్గించండి. ప్రోబయోటిక్ (మంచి బ్యాక్టీరియా ఉన్న మందు) మేతలో ఒక్కసారి కలిపి వదిలేస్తే లాభం లేదు, ఆ బ్యాక్టీరియా పేగులో ఎక్కువ రోజులు నిలవవు. యాంటీబయాటిక్ అయితే మంచివాటినీ చంపేస్తుంది.